పెరట్లో పట్టు పడితే

మామిడి పూత విచ్చుకున్న రోజుల నుంచి వేప, కానుగ పూతలు రాలిపోయే దాకా తెలుగు ఊళ్ళలో తేనెటీగలు ఇళ్ళు మారే కాలం. ఆ మూడు నాలుగు నెలల్లో ఎవరో ఒకరి పెరట్లో నిమ్మకొమ్మకో, గోరింట పొదలోనో, మేడ మీద నీళ్ళ ట్యాంకు కిందో, వరండాలో కరెంటు మీటరు పెట్టెలోనో ఈగల ముద్ద ఒకటి కనిపిస్తుంది. పొద్దున మొక్కలకు నీళ్ళు పోసినప్పుడు లేదు, మధ్యాహ్నం ఆరేసిన బట్టలు తియ్యబోతే ఉంది.

ఇక ఇల్లంతా హడావిడి. పిల్లల్ని లోపలికి లాగుతారు, కిటికీలు బిగిస్తారు. ఇరుగుపొరుగు వచ్చి తలా ఒక మాట చెబుతారు. ఇంటికి పట్టు పడితే అరిష్టం, శాంతి చేయించండి అంటారొకరు. లక్ష్మి వచ్చినట్టు, కదపకండి అంటారు ఇంకొకరు. రాత్రికి ఒక కాగడా పెట్టిస్తే పీడ పోతుందని మరొకరి సలహా. బొద్దింకల మందు డబ్బా చేత పట్టుకుని వచ్చేవాళ్ళూ ఉంటారు. ఇంతమంది ఇన్ని చెప్పినా, అసలు అడగాల్సింది ఎవరూ అడగరు. వచ్చింది ఏ ఈగ?

ఆ సంగతి తేలితే సగం భయం అక్కడే పోతుంది. ఎందుకంటే మన పెరళ్ళకు వచ్చే తేనెటీగలన్నీ ఒక జాతివి కావు. ఒకటి మనల్ని పట్టించుకోకుండా తన పని తాను చేసుకుని వెళ్ళిపోతుంది. ఒకటి పెట్టెలో పెడితే మనతోనే ఉండిపోతుంది. ఒకటి మాత్రం నిజంగా ప్రమాదకరం. ఆ ఒక్కదాని పేరు మీద మిగతావాటిని కూడా తగలబెడుతున్నాం.

పట్టుందా, ఉత్త ముద్దేనా?

దూరంగా నిలబడి ముందు చూడాల్సింది ఇది. మైనంతో కట్టిన పట్టు లేకుండా, ఈగలు ఒకదాన్నొకటి పట్టుకుని గుత్తిగా వేలాడుతుంటే అవి అక్కడ కాపురానికి రాలేదు, దారిలో ఆగాయి. గూడు ఇరుకై, పూలు దండిగా ఉన్న రోజుల్లో పాత రాణి సగానికి సగం కూలి ఈగలను వెంటబెట్టుకుని పుట్టింటిని కూతురు రాణికి వదిలేసి బయటికొస్తుంది. దగ్గర్లోని ఏదో కొమ్మ మీద గుంపు దిగుతుంది. అక్కడి నుంచి అనుభవమున్న ఈగలు కొన్ని ఇల్లు వెతకడానికి నాలుగు దిక్కులా పోతాయి. తిరిగొచ్చి గుంపు మీద నాట్యం చేసి, తాము చూసిన చోటు ఎటు ఉందో, ఎంత దూరమో చెబుతాయి. ఎక్కువమంది మెచ్చిన చోటికి అందరూ లేచిపోతారు.

ఈ సంగతి బయటపెట్టినవాడు జర్మనీకి చెందిన మార్టిన్ లిండావర్. యుద్ధంలో కూలిపోయిన మ్యూనిక్ నగరంలో 1949లో ఆయన ఒక గుంపు మీద నాట్యమాడే ఈగలను గమనించాడు. పూల పుప్పొడి లేదు వాటి ఒంటి మీద. కొన్నింటికి పొగగొట్టాల మసి, కొన్నింటికి ఇటుక దుమ్ము అంటుకుని ఉన్నాయి. అంటే ఇవి తిండికి కాదు, శిథిలాల్లో ఇంటి కోసం తిరిగి వచ్చినవని ఆయనకు తట్టింది. లిండావర్ గురువు కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కు తేనెటీగల నాట్యభాష చదివినందుకు 1973లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. అమెరికాలో థామస్ సీలీ తర్వాత దశాబ్దాల పాటు ఇదే పని కొనసాగించి, ఈగలు ఏకాభిప్రాయానికి ఎలా వస్తాయో వివరంగా రాశాడు.

మనకు కావాల్సిన ముక్క ఏమిటంటే, ఈ గుంపుకు కాపాడుకోవడానికి పిల్లలు లేరు, తేనె నిల్వ లేదు. బయలుదేరే ముందు కడుపునిండా తేనె తాగి వచ్చాయి. అందుకే తేనెటీగలు అన్నిటికంటే సాధువుగా ఉండేది ఈ దశలోనే. కొన్ని గంటల్లో, మహా అయితే రెండు మూడు రోజుల్లో లేచిపోతాయి. నీళ్ళ పైపు తిప్పడం, రాయి విసరడం, కింద పొగ పెట్టడం లాంటివి చెయ్యకపోతే చాలు. పిల్లల్ని ఆ వైపు పంపకుండా ఉంటే సరిపోతుంది.

జుంటీగ: చుట్టపుచూపుకు వచ్చేది

గోరింట, దానిమ్మ, నిమ్మ, కాగితప్పూల కంచె. మనిషి చేతికందే ఎత్తులో, సన్నటి కొమ్మకు అరచేయంత పట్టు ఒక్కటే వేలాడుతుంటే అది జుంటీగలది. శాస్త్రం దీన్ని ఏపిస్ ఫ్లోరియా అంటుంది. ఈగ చాలా చిన్నది. పొట్ట మొదట్లో ఎర్రగా, ఆ తర్వాత నలుపు తెలుపు చారలతో ఉంటుంది. నగరాల్లో అపార్ట్‌మెంటు బాల్కనీ తీగల్లో కూడా ఎక్కువగా కనిపించేది ఇదే.

దీని పట్టు దగ్గర నిలబడి చూడదగ్గ విషయాలు రెండున్నాయి. మొదటిది, పట్టును కొమ్మకు వేలాడదీసి ఊరుకోదు. కొమ్మను చుట్టేసి పైన చదునుగా అరుగులా కడుతుంది. పూల కబురు తెచ్చిన ఈగ నాట్యం చేసేది ఆ అరుగు మీదే. మిగతా తేనెటీగలు నిలువు పట్టు మీద ఆడతాయి కాబట్టి సూర్యుడి దిక్కును పైకీ కిందికీ లెక్క మార్చి చెప్పాలి. జుంటీగకు ఆ తంటా లేదు, పూలు ఏ వైపున ఉంటే సూటిగా ఆ వైపుకే పరుగెత్తి చూపిస్తుంది. రెండోది, పట్టుకు రెండు పక్కలా కొమ్మ మీద చెట్ల జిగురు పూసి ఉంచుతుంది. చీమలు ఆ జిగురు దాటి రాలేవు.

ఇది కుడుతుంది, కానీ సాధారణంగా మనం పొద కదిపితేనో పట్టు ముట్టుకుంటేనో తప్ప జోలికి రాదు. మొక్కలకు నీళ్ళు పోసుకోవచ్చు, రెండు మూడు అడుగుల దూరంలో పని చేసుకోవచ్చు. పట్టు మొత్తం పిండినా గ్లాసెడు తేనె రావడం కష్టం. ఆ కాస్త తేనె కోసం వేల ప్రాణాల కుటుంబాన్ని చెల్లాచెదురు చెయ్యడం నాకు ఎప్పుడూ న్యాయంగా అనిపించలేదు. మా పెరటి దానిమ్మకు ఒకసారి పట్టు పడితే ఆ చెట్టు కొమ్మలు కత్తిరించడం వాయిదా వేశాం, అంతే. ఎండలు ముదిరి పూలు తగ్గాక వాటంతట అవే వెళ్ళిపోయాయి. వెళ్ళాక ఖాళీ పట్టును వెంటనే తీసెయ్యకండి. కొత్త గూడు దగ్గర్లో కడితే, పాత పట్టు మైనాన్ని గీకి మోసుకుపోవడానికి ఇవి తిరిగొస్తాయి. మైనం తయారు చెయ్యడం ఈగకు చాలా ఖరీదైన పని, ఎంతో తేనె తిని ఒంట్లోంచి చెమటోడ్చి తీయాలి.

పట్టు సరిగ్గా గేటు పక్కనో, బడికెళ్ళే పిల్లలు రాసుకుపోయే దారిలోనో ఉంటే వేరే సంగతి. తెలిసినవాళ్ళు చీకటి పడి ఈగలన్నీ గూటికి చేరాక, పట్టున్న కొమ్మను రెండు వైపులా మెల్లగా కోసి, వాటం మారకుండా మరో చెట్టు నీడలో కడతారు. కొన్నిసార్లు ఉంటాయి, చాలాసార్లు రెండు రోజుల్లో అలిగి పోతాయి. పెట్టెలో పెడదామంటే మాత్రం కుదరదు, జుంటీగకు వెలుతురు కావాలి.

గోడ పగులులోంచి మైనపు గొట్టం ఒకటి బయటికి పొడుచుకుని, దాని మూతి దగ్గర చీమంత నల్లటి ఈగలు ముసురుతుంటే అసలు బెంగే అక్కర్లేదు. అవి కొండి లేని తేనెటీగలు, కుట్టవు. ఆ గోడకు సిమెంటు పూయకుండా వదిలేస్తే ఏళ్ళ తరబడి ఉంటాయి.

చీకటి కోరే దేశవాళీ ఈగ

మీటరు పెట్టె, చెట్టు తొర్ర, బోర్లించిన కుండ, పాత బీరువా, వాడని నీళ్ళ మీటరు గుంత. ఇలాంటి చీకటి చోట్లలో వరసగా, పక్కపక్కనే నాలుగైదు పట్లు కట్టుకునేది దేశవాళీ తేనెటీగ, ఏపిస్ సెరానా ఇండికా. కుట్టే తేనెటీగల్లో, మన నేల మీద పెట్టెల్లో పెంచుకోవడానికి ఒప్పే స్వదేశీ జాతి ఇదే. తోటల వెంట లారీల్లో పెట్టెలు తిప్పే పెంపకందార్ల దగ్గర ఉండేవి ఎక్కువగా 1960లలో పంజాబు ప్రాంతంలో అలవాటు చేసిన ఐరోపా ఈగలు. అవి మన పెరటికి తమంత తాముగా రావడం అరుదు.

దేశవాళీ ఈగ పెద్ద దెబ్బ తిని బతికి వచ్చింది. 1991-92లో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ దక్షిణాది అంతటా పాకింది. గూట్లో పిల్ల పురుగులు నీళ్ళ సంచుల్లా మారి చచ్చిపోయేవి. వేల మంది పెంపకందార్ల పెట్టెలు ఖాళీ అయ్యాయి. ఆ వైరస్‌కు మందు లేదు. తట్టుకున్న కుటుంబాలే మళ్ళీ పెరిగాయి. మీ మీటరు పెట్టెలో చేరినవి అలా తట్టుకుని నిలిచిన వాటి సంతానం కావచ్చు. అందుకే దీన్ని కాగడాకు అప్పగించడం నా మనసు ఒప్పుకోదు.

చెయ్యాల్సింది పెంపకం తెలిసినవాళ్ళను పిలవడం. మీటరు పెట్టె అయితే ముందు కరెంటు వాళ్ళతో సరఫరా ఆపించాలి, ఈ ఒక్క జాగ్రత్త మరిచిపోకూడదు. వచ్చినతను సాయంత్రం పూట కాస్త పొగ వేస్తాడు. గూడు తగలబడుతోందేమోనని ఈగలు తేనె తాగడంలో పడతాయి, పైగా ప్రమాదం వచ్చిందని ఒకదానికొకటి చెప్పుకునే వాసన ఆ పొగలో కలిసిపోతుంది. పిల్లలున్న పట్లను ఒక్కొక్కటే కోసి, చెక్క ఫ్రేములకు అరటినారతో కట్టి పెట్టెలో పెడతాడు. నార ఎందుకంటే, ఈగలు పట్టును ఫ్రేముకు అతికించుకున్నాక ఆ నారను అవే కొరికి బయట పారేస్తాయి. రాణి చేతికి చిక్కితే పని అయిపోయినట్టే. పెట్టె గుమ్మం దగ్గర ఈగలు తోక ఎత్తి రెక్కలు ఆడిస్తుంటాయి, ఆ వాసన పట్టుకుని మిగిలినవన్నీ నడిచి లోపలికి వెళ్తాయి. చూసే అవకాశం వస్తే వదులుకోకండి.

పెట్టెను మీ పెరట్లోనే ఉంచుకోవాలనిపిస్తే ఒక చిక్కుంది. ఈగలు తమ గూడును జాగా గుర్తుతో వెతుక్కుంటాయి. ఈ మూల నుంచి ఆ మూలకు పెట్టెను ఒక్క రాత్రిలో మారిస్తే, మర్నాడు మేతకెళ్ళినవన్నీ పాత చోటికే వచ్చి గాల్లో తిరిగి తిరిగి అలసిపోతాయి. రోజుకు ఒకటి రెండు అడుగుల చొప్పున జరపాలి, లేదా రెండు మూడు కిలోమీటర్ల అవతల కొన్ని వారాలుంచి తిరిగి తెచ్చుకోవాలి. పెట్టె కాళ్ళ కింద నీళ్ళ పళ్ళాలు పెట్టకపోతే చీమలు ఒక్క రాత్రిలో పని ముగిస్తాయి. గుమ్మం తూర్పుకు, మధ్యాహ్నం నీడ పడేలా, మనుషులు నడిచే దారికి ఎదురు కాకుండా ఉండాలి. ఈ పని నేర్చుకోవాలనుకునేవారికి హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థలో శిక్షణ ఉంది. జిల్లాల్లో కృషి విజ్ఞాన కేంద్రాలను, ఉద్యాన శాఖను అడిగితే దగ్గర్లోని పెంపకందార్ల పేర్లు చెబుతారు.

పెద్ద ఈగతో ఆటలొద్దు

ఎత్తైన చెట్టు కొమ్మకో, నీళ్ళ ట్యాంకు అడుగుకో, ఏడంతస్తుల సజ్జా కిందో చేటంత, ఒక్కోసారి మీటరు వెడల్పున నల్లగా వేలాడే ఒంటి పట్టు కొండ తేనెటీగది. ఏపిస్ డార్సేటా. నల్లమల చెంచులు, విశాఖ మన్యం గిరిజనులు కొండచరియల మీద, మహావృక్షాల మీద తాడు కట్టుకుని దిగి తీసేది ప్రధానంగా ఈ తేనే. 1956లో మొదలైన గిరిజన సహకార సంస్థ వాళ్ళ దగ్గర కొని మనకు అమ్మేదాంట్లో దీనిదే పెద్ద వాటా.

ఒక పట్టులో ఈగలు పదుల వేలల్లో ఉంటాయి. గూటికి గోడల్లేవు, తలుపుల్లేవు. పిల్లలకు, తేనెకు అడ్డంగా నిలబడేది ఈగల ఒళ్ళే. కందిరీగ దగ్గరికొస్తే పట్టు మీది ఈగలు వరసగా తోకలు ఎత్తుతూ ఒక అల లేపుతాయి. కింది నుంచి చూస్తే పట్టు మొత్తం ఒక్కసారి మెరిసినట్టు కనిపిస్తుంది. చాలా కందిరీగలు దానికే వెనక్కి తగ్గుతాయి. అలతో ఆగనిదాని మీద దాడి జరుగుతుంది, ఆ దాడి వందల మీటర్ల దాకా వెంటపడుతుంది.

కార్తీక వనభోజనాల్లో చెట్టు కింద పొయ్యి రాజేశాక, శ్మశానంలో చితి అంటించాక, గుడి దగ్గర టపాసులు పేల్చాక తేనెటీగలు లేచి జనాన్ని కుట్టాయన్న వార్తలు మళ్ళీ మళ్ళీ చదువుతూనే ఉన్నాం. వాటిలో ఎక్కువభాగం ఈ పెద్ద ఈగ వల్లే. తప్పు దానిదని నేననను. పొయ్యి పెట్టే ముందు తలెత్తి చెట్టు పైకి చూస్తే తప్పిపోయే ప్రమాదాలు అవి.

ఇంటికి ఇది వచ్చినప్పుడు నా మాట ఒకటే. మీరు గానీ, మీ వాచ్‌మన్ గానీ, తేనె కొడతామంటూ వీధిలో బకెట్టు పట్టుకుని తిరిగే కుర్రాళ్ళు గానీ దాని మీద చెయ్యి వెయ్యకూడదు. పట్టు బాగా ఎత్తులో, మనుషుల రాకపోకలకు దూరంగా ఉంటే వదిలెయ్యడమే మేలు. ఇవి వలస జీవులు, కొన్ని వారాలో కొన్ని నెలలో ఉండి వెళ్ళిపోతాయి. ఆ లోగా రాత్రిపూట ఆ వైపు లైట్లు ఆర్పేసి కిటికీలు మూయండి, దీపం వెలుగుకు ఇవి గదుల్లోకి వచ్చేస్తాయి. మెట్ల పక్కనో, బడి వరండాలోనో ఉంటే శిక్షణ, ముసుగు దుస్తులు ఉన్నవాళ్ళను పిలిపించి, చుట్టుపక్కల వాళ్ళందరికీ ముందే చెప్పి, రాత్రి తీయించాలి. ఈగ కంటికి ఎరుపు కనపడదు కాబట్టి తెలిసినవాళ్ళు ఎర్ర దీపంతో పని చేస్తారు. తీయించాక ఆ చోట మైనం మరక లేకుండా గీకి రంగు వేయించండి. ఏటా అదే సజ్జాకు తిరిగి రావడం దీని అలవాటు.

పెద్ద ఈగ పట్టున్న అపార్ట్‌మెంట్లలో కింద నిలిపిన కార్ల మీద పసుపు చుక్కలు పడుతుంటాయి. అవి ఈగల విసర్జనలు, గుంపుగా లేచి ఒకేసారి కానిచ్చి వస్తాయి. ఇదే పసుపు వాన ఆగ్నేయాసియా అడవుల్లో కురిస్తే 1981లో అమెరికా ప్రభుత్వం సోవియట్ యూనియన్ విషాయుధం వాడిందని లోకానికి చాటింది. అది తేనెటీగల పుప్పొడి విసర్జన అని మాథ్యూ మెసెల్సన్, థామస్ సీలీ తదితర శాస్త్రవేత్తలు తేల్చి చూపారు. కాబట్టి కారు కడుక్కోండి, కంగారు పడకండి.

కాగడా, మందు ఎందుకు వద్దు?

మంట పెడితే పట్టు మీదున్నవి కాలిపోతాయి, తప్పించుకున్నవి కసితో చుట్టూ తిరుగుతాయి, తాటాకు పందిరో ఎండుటాకులో అంటుకుంటే ఇల్లే ప్రమాదంలో పడుతుంది. మందు కొడితే ఈగలు రాలిపోతాయి గానీ గోడ లోపల తేనె, మైనం, చచ్చిన పిల్లలు మిగులుతాయి. అవి కుళ్ళి కారతాయి, చీమలు చేరతాయి. మందు తగిలిన ఆ తేనెను పొరపాటున కూడా నోట పెట్టకూడదు. మంచి తేనె అయినా సరే, ఏడాది లోపు పసిపిల్లల నాలుకకు రాయకండి. తేనెలో ఉండే ఒక సూక్ష్మజీవి బీజాలు ఆ వయసులో ప్రాణం మీదికి తెస్తాయి. పుట్టగానే తేనె నాకించే ఆనవాయితీ మన ఇళ్ళల్లో ఇంకా ఉంది గనుక ఇంత గట్టిగా చెప్పాల్సి వస్తోంది.

కుడితే

తేనెటీగ కొండికి వెనక్కి వంగిన ముళ్ళుంటాయి. కుట్టాక కొండి, విషపు తిత్తి మన చర్మంలోనే ఉండిపోతాయి, తిత్తి ఇంకా విషం దింపుతూనే ఉంటుంది. అందుకే గోటితోనో, గీకో, ఎలాగైనా సరే వెంటనే తీసెయ్యడం ముఖ్యం. ఎలా తీయాలన్న ఆలోచనలో క్షణాలు పోగొట్టుకోకూడదు. కుట్టిన చోటు నుంచి పండిన అరటిపండు లాంటి వాసన లేస్తుంది, అది తక్కిన ఈగలకు పిలుపు. కాబట్టి అక్కడ నిలబడకుండా, చేతులు ఊపకుండా, ముఖం కప్పుకుని ఇంట్లోకో కారులోకో పరుగెత్తి తలుపు వేసుకోవాలి. చెరువులోకి దూకితే లాభం లేదు, తల ఎత్తే దాకా పైనే కాచుకుని ఉంటాయి.

ఒకటి రెండు కాట్లకు సబ్బుతో కడిగి ఐసు పెడితే చాలు, వాపు ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. కానీ కుట్టిన చోటే కాక ఒళ్ళంతా దద్దుర్లు లేచినా, పెదవులు నాలుక వాచినా, ఊపిరి అందకపోయినా, కళ్ళు తిరిగినా అది అలర్జీ. అప్పుడు సున్నం రాస్తూ కూర్చోకూడదు. 108కి ఫోన్ చెయ్యాలి. కావాల్సింది ఎడ్రినలిన్ ఇంజెక్షన్, నిమిషాల్లో పడాలి. పదుల కొద్దీ ఈగలు కుట్టినవాళ్ళను బాగానే కనిపించినా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. విషం కండరాలను దెబ్బతీసి, ఆ ప్రభావం మూత్రపిండాల మీద ఒకటి రెండు రోజుల తర్వాత బయటపడవచ్చు. ఇంట్లో ఎవరికైనా ఇదివరకు ఈగ కాటుకు తీవ్రమైన అలర్జీ వచ్చి ఉంటే పెరట్లో ఏ పట్టునూ ఉంచుకోవద్దు, జుంటీగదైనా సరే.

పెరటికి దక్కేది

గుమ్మడి, దోస, కాకర పాదుల్లో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. మిద్దెతోట పెంచేవాళ్ళు పిందెలు పసుపుబారి రాలిపోతున్నాయని దిగులుపడి, పొద్దున్నే మగపువ్వు తెంపి ఆడపువ్వుకు రాస్తుంటారు. పట్టున్న పెరట్లో ఆ పని ఈగలు చేసిపెడతాయి. సొరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది కాబట్టి దాని పని ఎక్కువగా రాత్రి తిరిగే రెక్కల పురుగులది, అక్కడ ఈగల్ని నమ్ముకోకూడదు.

బదులుగా ఈగలు అడిగేది చాలా తక్కువ. మన ఎండల్లో గూటిని సుమారు 35 డిగ్రీల దగ్గర నిలపడానికి అవి నీళ్ళు మోసుకొచ్చి పట్టు మీద చల్లి రెక్కలతో విసురుతాయి. ఒక మట్టి మూకుట్లో గులకరాళ్ళు పోసి నీళ్ళుంచితే, రాళ్ళ మీద వాలి తాగి వెళ్తాయి. బకెట్టులో పడి చావవు. రసం పీల్చే పురుగులకని ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందు కొట్టారంటే పూత మీదికి వచ్చిన ఈగ తిరిగి గూడు చేరదు. పూత ఉన్నన్ని రోజులూ ఆ డబ్బా ముట్టుకోకండి. తప్పనిసరైతే వేపనూనె, అదీ పొద్దుగూకాకే.

మీ పెరటికి ఇంకా పట్టు పడకపోయినా ఒక పని ఇవాళే చెయ్యండి. మీ ఊళ్ళోనో, మండలంలోనో తేనెటీగలు పెంచే మనిషి ఎవరో కనుక్కుని ఫోన్ నంబరు రాసిపెట్టుకోండి, మీ కాలనీ సంఘానికీ ఇవ్వండి. కాగడా పట్టుకున్నవాడు పిలవకుండానే వస్తాడు. పెట్టె పట్టుకుని వచ్చేవాడిని మనమే పిలవాలి.